వార్తల్లో పదం: ఎస్క్రో

అమెరికాలో స్థిర వడ్డీ రుణంతో ఇల్లు కొన్నవారికీ నెలవాయిదా పెరుగుతోంది. కారణం ఎస్క్రో ఖాతా. ఇంటి పన్ను, బీమా సొమ్మును పన్నెండు భాగాలు చేసి, అసలు, వడ్డీలతో కలిపి రుణసంస్థ నెలనెలా వసూలు చేస్తుంది. గడువు రాగానే ఆ ఖాతా నుంచి తానే చెల్లిస్తుంది.

ఏటా లెక్క చూస్తారు. ఉదాహరణకు, పన్ను 6,000 డాలర్ల నుంచి 7,200కు పెరిగితే నెలకు 100 అదనం. అప్పటికే పడిన 1,200 లోటును ఏడాదిలో రాబడితే మరో 100. అంటే వాయిదా ఒక్కసారిగా 200 డాలర్లు పెరుగుతుంది. లోటు తీరాక అందులో సగం తగ్గాలి.

1974లో వచ్చిన ‘రెస్పా’ చట్టం రుణగ్రహీతకు అండ. దాని నిబంధనల ప్రకారం ముందుజాగ్రత్త నిల్వ రెండు నెలల మొత్తాన్ని మించకూడదు. వాయిదాలు సక్రమంగా కడుతున్నవారికి 50 డాలర్లు, ఆపైన మిగిలితే 30 రోజుల్లో తిరిగివ్వాలి.

తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న డాలస్ పరిసరాల్లో ఈ భారం తెలిసిందే. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. బడులు, నగరాలు ఇంటి పన్నుపైనే ఎక్కువగా ఆధారపడతాయి. సొంతింట్లో ఉంటున్నవారు ఆ పన్నును తగ్గించే హోమ్‌స్టెడ్ మినహాయింపుకు దరఖాస్తు చేసుకోవాలి. ఇంటి విలువను ఎక్కువగా కట్టారనిపిస్తే సాధారణంగా మే 15లోగా అభ్యంతరం తెలపాలి. ఏటా వచ్చే ఎస్క్రో లెక్కను తప్పక చదవండి.