చూసేది ఉచితం... మరి డబ్బెవరిస్తున్నారు?

లంబాడిపల్లి జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని ఓ పల్లె. 2012లో ఇక్కడ మొదలైన ‘మై విలేజ్ షో’ యూట్యూబు చానెల్ ఊరి యాసనూ, ఊరి ముచ్చట్లనూ విదేశాల్లోని తెలుగువారి దాకా చేర్చింది. కూలి పనులు చేసుకుని బతికిన గంగవ్వ దీనితోనే ఇంటింటికీ తెలిసిన మనిషయింది. చూసేవారికి టిక్కెట్టు లేదు. మరి డబ్బెలా వస్తుంది?

జాతరలో తోలుబొమ్మలాట ఉచితమే. కాని జనం మూగిన చోట మిఠాయి కొట్లు, గాజుల దుకాణాలు వెలుస్తాయి. ఇంటర్నెట్‌లోనూ అంతే. జనం చూసే వీడియోకు ముందో, నడుమనో కంపెనీలు ప్రకటనలు వేయించుకుంటాయి. మామూలు వీడియోల మీద వచ్చే ఆ సొమ్ములో నూటికి 55 వంతులు వీడియో తీసినవారికి, 45 వంతులు యూట్యూబుకు పోతాయి. ప్రకటన ఖర్చు చివరకు మనం కొనే సబ్బు బిళ్ల ధరలోనే కలుస్తుంది. ఎరువుల కోసం వెతికిన రైతుకు ఎరువుల ప్రకటనే ఎదురవడం కూడా ఇందుకే. మనం ఏం చూస్తున్నామో వారు గమనిస్తూనే ఉంటారు.

అన్నిటిదీ ఒకే దారి కాదు

కొన్ని పత్రికలు చందా కట్టినవారికే పూర్తి వార్త చూపుతాయి. అమెరికాలోని న్యూయార్క్ టైమ్స్ 2011 నుంచి ఈ పద్ధతి పాటిస్తోంది. కొన్ని సైట్లు వస్తువు గురించి రాసి, ఆ దారిన ఎవరైనా కొంటే దుకాణం నుంచి కమీషను తీసుకుంటాయి. వికీపీడియాలో ప్రకటనలే ఉండవు. అది ముఖ్యంగా విరాళాల మీద నడుస్తోంది.

ఆశపడే ముందు...

వీడియో పెట్టగానే డబ్బు రాదు. వెయ్యిమంది చందాదారులు చేరాలి. ఏడాదిలో జనం 4 వేల గంటలు చూడాలి. ఆరు నిమిషాల వీడియోను చివరి దాకా 40 వేల సార్లు చూస్తేగాని అన్ని గంటలు కావు. పొట్టి వీడియోలకు లెక్క వేరు. అంతవరకూ శ్రమా, ఖర్చూ మనవే.

ఈ చందాకు చూసేవారు పైసా కట్టనక్కరలేదు. చానెల్ తెరిచేవారూ యూట్యూబుకు రుసుం చెల్లించనక్కరలేదు. కనుక ‘వీడియోలకు లైకు కొట్టండి, రోజుకు వేలు సంపాదించండి, ముందు డిపాజిట్ కట్టండి’ అని ఎవరైనా ఫోను చేస్తే అది మోసమేనని గ్రహించాలి. ఇప్పటికే కట్టి మోసపోయినవారు సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే సొమ్ము ఆగే అవకాశం అంత ఎక్కువ.