నల్ల తెర మీద రంగు అక్షరాలు

కంప్యూటర్ కోర్సుల్లో చేరుతున్న మన హాస్టల్ తమ్ముళ్ళలో చాలామంది పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్ళే. ల్యాబ్‌లో లినక్స్ పెట్టి, టెర్మినల్ అనే నల్ల తెర తెరిచి, "మాన్యువల్ చదువుకోండి" అంటారు. తీరా తెరిస్తే ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఇంగ్లీషే. రెండు పేజీలు తిప్పి మూసేసి పక్కవాడిని అడుగుతాం. పక్కవాడు ఒక కమాండు చెబుతాడు, ఆ పూటకు గడుస్తుంది. మాన్యువల్ అయితే ఆ కమాండుకు ఉన్న దారులన్నీ చెబుతుంది. అది యంత్రంలోనే ఉంటుంది కాబట్టి నెట్ అక్కర్లేదు, గైడు కొననక్కర్లేదు. ఇంట్లో అడగడానికి చదువుకున్నవాళ్ళు లేని మనలాంటి వాళ్ళకు ఇంతకన్నా చవకైన మాస్టారు దొరకడు. ఆ మాన్యువల్‌ను కంటికి తేలిక చేసే పద్ధతి ఒకటి ఉంది. దాని సంగతే ఈ వ్యాసం.

మా అమ్మకు చదువు రాదు. అయినా గోడ మీద క్యాలెండర్‌లో ఎర్ర అంకె చూసి ఆదివారమో పండగో చెప్పేస్తుంది. రంగు చేసే పని అదే. చదవకముందే ఎక్కడ చూడాలో చెబుతుంది.

యూనిక్స్ మాన్యువల్ మొదటి కూర్పు 1971 నవంబరులో వచ్చింది. అప్పట్లో చాలా చోట్ల తెరలు లేవు, టెలిటైపు మీద కాగితంపై అచ్చయ్యేది. ముఖ్యమైన మాటను నల్లగా చూపాలంటే అక్షరం కొట్టి, ఒక అడుగు వెనక్కి వచ్చి, అదే అక్షరం మళ్ళీ కొట్టేవారు. కింద గీత కావాలంటే గీత కొట్టి, వెనక్కి వచ్చి, అక్షరం కొట్టేవారు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ పాసైన మన పాత హాస్టల్ అన్నలకు ఇది కొత్త సంగతి కాదు. విచిత్రమేమంటే ఈ వెనకడుగు పద్ధతి ఇప్పటికీ చావలేదు. మాన్యువల్‌ను పేజీలుగా చూపే 'లెస్' అనే ప్రోగ్రాంకు అది ఈనాటికీ అర్థమవుతుంది.

తెరలు వచ్చాక వెనక్కి వెళ్ళి రెండోసారి కొడితే లాభం లేదు, పాత అక్షరం చెరిగిపోయి కొత్తది కూర్చుంటుంది. అందుకని అక్షరాల మధ్యలో రహస్య సంకేతాలు పంపే పద్ధతి పెట్టారు. 1978లో డెక్ కంపెనీ తెచ్చిన వీటీ100 టెర్మినల్‌తో ఇది బాగా పాతుకుపోయింది. దాని తెరకు రంగులు లేవు గానీ సంకేతాల వరస అదే. ఎస్కేప్ అనే కనబడని అక్షరం, చదరపు బ్రాకెట్, ఒక అంకె, చివర 'ఎమ్' అక్షరం. అంకె 1 అయితే బొద్దు, 31 అయితే ఎరుపు, 33 అయితే పసుపు, 36 అయితే ఆకాశనీలం లాంటి రంగు. 0 వస్తే అన్నీ రద్దు. ఆ సున్నా పంపడం మరిచిపోతే తెర అంతా పసుపు పులిమినట్టు అయిపోతుంది!

ఇక మాన్యువల్‌కు ఈ రంగులు ఎవరు అద్దుతారు? పెర్ల్ భాషను ఉదాహరణగా తీసుకుందాం. దాని మాన్యువళ్ళను 'పాడ్' అనే తేలికైన పద్ధతిలో రాస్తారు. రాసేవాడు రంగు ఊసే ఎత్తడు. ఇది శీర్షిక, ఇది ఫైలు పేరు, ఇది నొక్కి చెప్పే మాట అని గుర్తులు మాత్రం పెడతాడు. ఆ గుర్తులను మామూలు పాఠంగా మార్చే ప్రోగ్రాం 'పాడ్2టెక్స్ట్'. దానికే '-సి' అని తగిలిస్తే రస్ ఆల్‌బెరీ రాసిన రంగుల మాడ్యూల్ పనిలోకి దిగుతుంది. శీర్షికలు బొద్దుగా, ఫైలు పేర్లు ఆకాశనీలంగా, నొక్కి చెప్పే మాటలు పసుపుగా వస్తాయి. అదే మూలాన్ని వెబ్ పేజీగానూ, అచ్చు కాగితంగానూ మార్చుకోవచ్చు. రాసేవాడు అర్థం చెబుతాడు, వేషం వేసేవాడు వేరే ఉంటాడు. నాకు ఈ ఏర్పాటులో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

అసలు చిక్కు వరసల దగ్గర వస్తుంది. ఈ ప్రోగ్రాం మామూలుగా వరసను 76 అక్షరాల దగ్గర విరుస్తుంది. ఒక మాటకు పసుపు అద్దాలంటే ముందు ఐదు, వెనక నాలుగు, మొత్తం 9 కనబడని అక్షరాలు చేరతాయి. వరసలో అలాంటి మాటలు నాలుగుంటే 36 అక్షరాలు లెక్కలో ఉంటాయి, తెర మీద ఉండవు. గుడ్డిగా లెక్కపెడితే కంటికి 40 అక్షరాలు రాగానే వరస తెగిపోతుంది, పేజీ ఎలుక కొరికిన కాగితంలా ఉంటుంది. అందుకే రంగుల మాడ్యూల్ వరసలు విరిచే భాగాన్ని విడిగా రాసుకుంది. సంకేతం ఎదురైతే దాన్ని లెక్కలో వేయకుండా దాటేస్తుంది.

చేసి చూడాలనుకునేవారు ఆ ప్రోగ్రాంకు దాని ఫైలునే మేతగా ఇవ్వండి. దాని మాన్యువల్ దాని కడుపులోనే ఉంది. వచ్చినదాన్ని 'లెస్ -ఆర్'కు మళ్ళించండి. (కమాండ్లన్నీ ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి. ఇందులో 'సి' చిన్నక్షరం, 'ఆర్' పెద్దక్షరం.) ఆర్ లేకపోతే సంకేతాలు పనిచేయడం మాని, తామే అక్షరాలై తెర మీద కూర్చుంటాయి. రంగులతో ఉన్నదాన్ని ఫైలులో దాచి జిరాక్స్ షాపులో ప్రింటు తీయించినా అదే గతి, ప్రతి మాట పక్కనా బ్రాకెట్లు, అంకెలు. ప్రింటుకు '-సి' లేకుండా తీయండి. మరో మాట, కొందరి కళ్ళకు ఎరుపు, ఆకుపచ్చ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి మీరు ప్రోగ్రాం రాస్తే విషయమంతా రంగు మీదే ఆనించకండి.

తెలుగులో మాన్యువల్ రాసి ఇలాగే చూపించవచ్చు కదా అని అడుగుతారు. టెర్మినల్ తెర లెక్కల పుస్తకంలా గడులు గడులుగా ఉంటుంది, గడికి ఒక అక్షరం. ఇంగ్లీషు అందులో హాయిగా సర్దుకుంటుంది. మన ఊరి పేరు తీసుకోండి. 'రాజమహేంద్రవరం' అంటే మనకు ఏడు అక్షరాలు. యూనికోడ్‌లో గుణింతం, పొల్లు, సున్న విడివిడిగా లెక్కకు వస్తాయి కాబట్టి అవి 13 అవుతాయి. ఫైలులో ఒక్కొక్కటి మూడేసి బైట్లు, మొత్తం 39. ఏడు గడులివ్వాలా, పదమూడా? 'హేం' వెడల్పు ఎంత, 'ద్ర' వత్తు ఎక్కడ కూర్చోవాలి? ఒక్కో టెర్మినల్ ఒక్కోలా సమాధానం చెబుతుంది, చాలావాటిలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. రంగు సంకేతాలను దాటేసినంత సులువు కాదిది, ఎందుకంటే ఇక్కడ దాటేయాల్సింది ఏమీ లేదు. అన్నీ కనబడేవే.

ఎంసీఏ, బీటెక్ తమ్ముళ్ళు చివరి సంవత్సరం ప్రాజెక్టుకు అంశం లేదని తిరుగుతుంటారు. ఇది తీసుకోవచ్చు. ముందు తెలుగు మాటను అక్షరాలుగా విరిచే చిన్న ప్రోగ్రాం రాయండి. 'స్త్రీ' ఇస్తే ఆరు కాదు, ఒకటి అనాలి. 'రాజమహేంద్రవరం' ఇస్తే ఏడు అనాలి. ఆ రెండూ సరిగ్గా వచ్చాక వరసలు విరిచే పనికి దిగండి, రంగులు ఆ తర్వాత.