కొండదారి సైకిలు టైరులో నురుగుపట్టీ: సామాన్యునకు అవసరమా?

సైకిలు టైరునకు పంక్చరు పడుట ఎరుగని ఇల్లు తెలుగునాట అరుదు. తుమ్మముల్లో, పల్లేరుకాయయో, గాజుపెంకో గ్రుచ్చుకొనును, గాలి పోవును. సైకిలు షాపువాడు ట్యూబును పైకి లాగి, నీళ్లతొట్టిలో ముంచి, బుడగలు వచ్చు చోటు గుర్తించి, ఆకురాయితో గీకి, సొల్యూషను పూసి, రబ్బరుముక్క అంటించును. కొద్ది నిమిషముల పని. కాని ముల్లు గాని మేకు గాని లేకయే పడు పంక్చరు మరియొకటి కలదు. గాలి చాలని చక్రము వేగముగా పోయి రాతి అంచునకు కొట్టుకొన్నపుడు టైరు పూర్తిగా అణగిపోవును. ట్యూబు రాతికిని రిమ్మునకును నడుమ నలిగి, ప్రక్కప్రక్కన రెండు గాట్లు పడును. కోరలు దిగినట్లుండుటచే ఆంగ్లేయులు దీనిని పాముకాటు అందురు. ఈ దెబ్బకు విరుగుడుగా ఇటీవల కొండదారి సైకిళ్ల టైర్లలో అమర్చుచున్న ఒక సాధనమును గూర్చియు, అది సామాన్యునకు అక్కఱకు వచ్చునా రాదా అను ప్రశ్నను గూర్చియు ఈ ప్రసంగమున విచారింతము.

కొండదారి సైకిలు అనగా రోడ్డు లేని చోట, రాళ్లమీదను, చెట్ల వేళ్లమీదను, మిట్టపల్లములమీదను నడుపుటకై చేసిన సైకిలు. దాని టైర్లు వెడల్పుగను, గట్టి ముళ్లకట్టు గలవిగను ఉండును. ఈ క్రీడ అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు మెరిన్ కౌంటీలో, టమల్పాయిస్ కొండ పరిసరములలో, 1970ల నాటి యువకుల ఉత్సాహమునుండి పెరిగినది. వారు పాత బరువు సైకిళ్లను కొండపైకి చేర్చి, మట్టిదారిని క్రిందికి పందెములు వేసెడివారు. 1981లో స్పెషలైజ్డ్ సంస్థ స్టంప్‌జంపర్ అను నమూనాను విరివిగా తయారుచేసి అమ్మకమునకు తెచ్చుటతో ఈ సైకిలు సామాన్యుల చేతికి వచ్చినది. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో కొండదారి సైకిలు పందెమునకు తొలిసారి స్థానము దొరకినది. నేడు అమెరికాలోను, కెనడాలోను, స్కాట్లండులోను, ఆల్ప్స్ పర్వత ప్రాంతములందును సెలవునాడు ఈ సైకిళ్లతో అడవిదారి పట్టువారు లక్షలుగా ఉన్నారు. వీరిలో పందెగాండ్రు బహు కొద్దిమంది. తక్కినవారందఱు వారమంతయు పనిచేసి, ఆదివారము నాడు రెండు మూడు గంటలు తిరిగివచ్చు సామాన్యులే. మన ప్రశ్న వారిని గూర్చినది.

సాధనమును అర్థము చేసికొనుటకు ముందు టైరులోని గాలి ఏమి చేయునో తెలిసికొనవలెను. గాలి నింపిన టైరునకు 1845లో స్కాట్లండువాడగు రాబర్టు విలియం థామ్సన్ పేటెంటు పొందెను. అది నాడు వ్యాప్తిలోనికి రాలేదు. 1888లో బెల్ఫాస్టు నగరమున పశువైద్యుడుగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్ దానిని సైకిలునకు మరల కల్పించెను. నాటినుండి సైకిలు బరువును మోయుచున్నది రబ్బరు కాదు, గాలి. ఒక చిన్న లెక్క చూడుడు. మనిషి 70 కిలోలు, సైకిలు 14 కిలోలు అనుకొందము. మొత్తము 84 కిలోలలో సుమారు 50 కిలోలు వెనుక చక్రముపై పడును. ఆ చక్రములో చదరపు అంగుళమునకు 25 పౌండ్ల ఒత్తిడి ఉన్నచో, నేలను తాకు భాగము ఇంచుమించు 28 చదరపు సెంటీమీటర్లు. అనగా పోస్టుకార్డులో అయిదవ వంతునకు కొంచెము మించును. ఒత్తిడిని 20 పౌండ్లకు తగ్గించినచో అది 36 చదరపు సెంటీమీటర్లగును. నేలను తాకు భాగము పెరిగిన కొలది టైరు రాళ్ల ఒంపుసొంపులను అనుసరించి పట్టు కలిగియుండును, చేతులకు కుదుపు తగ్గును, జారుడు తగ్గును. అందుచేతనే కొండదారి వారికి గాలి తక్కువగా ఉంచుటయందు అంత మక్కువ.

చిక్కు కూడ ఇక్కడనే ఉన్నది. గాలి తగ్గించిన కొలది పట్టు పెరుగును. గాలి తగ్గించిన కొలది రాయి రిమ్మును చేరుటయు సులువగును. అల్యూమినియం రిమ్మయినచో సొట్ట పడును. కార్బను రిమ్మయినచో పగులును. పట్టు కావలెనా, చక్రము కావలెనా అని గుంజాటన పడుటయే ఈ క్రీడలో నిత్యవ్యవహారమైనది.

మొదట దీనికి ట్యూబును తీసివేయుటయే ఉపాయమని తోచినది. 1999లో ఫ్రాన్సు దేశపు సంస్థలగు మావిక్, హచిన్సన్, మిషెలిన్ కలసి ట్యూబు లేని టైరు పద్ధతిని కొండదారి సైకిళ్లకు ప్రవేశపెట్టినవి. టైరు అంచు రిమ్మునకు బిగుతుగా అతుకుకొని గాలిని తానే నిలుపును. దానిలో సీలెంటు అను పాలవంటి ద్రవము పోయుదురు. ముల్లు దిగినచోట ఆ ద్రవము బయటికి చిమ్మి, గడ్డకట్టి, రంధ్రమును తానే మూయును. నలుగుటకు ట్యూబే లేదు కనుక పాత పాముకాటు చాలవరకు పోయినది. కాని రాయి రిమ్మునకు కొట్టుట పోలేదు. గట్టి దెబ్బకు టైరు గోడయే నలిగి తెగును. ఆ గాటును ద్రవము మూయలేదు. మలుపులో టైరు ప్రక్కకు ఒరిగి, అంచు వదలి, ఒక్కసారిగా గాలి కక్కుటయు కలదు.

ఈ మిగిలిన దోషములకు చికిత్సగా వచ్చినదే టైరు ఇన్సర్టు. మేము దానిని లోపట్టీ అని వ్యవహరింతుము. 2014లో జర్మనీ దేశపు ష్వాల్బె, సింటేస్ సంస్థలు ప్రోకోర్ అను పద్ధతిని చూపినవి. అది పెద్ద టైరులోపల మరియొక చిన్న గాలిగది. లోపలి గదిలో గాలి ఎక్కువ, వెలుపలి గదిలో తక్కువ. తరువాతి సంవత్సరములలో గాలిగదికి బదులు నురుగు రబ్బరుతో చేసిన వలయములు ప్రచారములోనికి వచ్చినవి. ఫిన్లండునుండి హక్ నోరిస్, అమెరికానుండి కుష్‌కోర్, ఇటలీనుండి విట్టోరియావారి ఎయిర్ లైనర్ ఈ కోవలోనివి. ఇవి మూసిన కణములు గల నురుగుతో చేయబడును. స్నానపు స్పాంజివలె కణములు తెరచియున్నచో సీలెంటునంతయు త్రాగివేయును గదా. వీనిలో తేలికవి వందగ్రాములలోపు తూగును. బరువైనవి చక్రమునకు సుమారు 250 గ్రాములు తూగును.

లోపట్టీ చేయు మేళ్లు నాలుగు. మొదటిది, రాయి టైరును అణచివేసినపుడు రిమ్మునకు ముందుగా నురుగు ఆ దెబ్బను కాచుకొనును. రెండవది, టైరు అంచును లోపలినుండి నొక్కిపట్టి, మలుపులలో అది వదలిపోకుండ చూచును. మూడవది, టైరులోని ఖాళీని కొంత నింపుటచే, దెబ్బ లోతునకు పోయిన కొలది గాలి త్వరగా బిగియును. పైగా నురుగు కుదుపును కొంత మ్రింగివేసి చక్రము ఎగిరిపడుటను తగ్గించును. ఈ గుణము బరువైన పట్టీలయందే స్పష్టముగా తెలియును. నాల్గవది, గాలి పూర్తిగా పోయినను మెల్లగా నడుపుకొని అడవినుండి బయటపడవచ్చును.

ఈ నాల్గవ మేలు పందెగానికి ప్రాణము. 2014లో ఆస్ట్రియాలోని లియోగాంగు ప్రపంచకప్పు పందెములో ఆరన్ గ్విన్ అను ప్రసిద్ధ అమెరికను రౌతు టైరు చెడిపోయినను ఆగక, వట్టి రిమ్ముపైననే కొండ దిగి గమ్యము చేరెను. అట్టి వానికి ఒక్క సెకను విలువ వేరు. చక్రము విరిగినచో మరియొకటి బిగించుటకు మెకానిక్కు సిద్ధముగా ఉండును. సామగ్రి వెల అతని జేబునుండి పోదు. సామాన్యునకు ఈ మూడును తలక్రిందులు. సెకండ్ల పని లేదు, మెకానిక్కు తానే, వెల తన జీతమునుండియే రావలెను. కావున పందెగాడు వాడుచున్నాడు గనుక మనకును కావలెననుట సరియైన తర్కము కాదు.

ఇక ఖర్చు లెక్క. బరువైన రకము జత వెల అమెరికాలో నూరు డాలర్లకు పైమాటయే. ఒక మంచి టైరు వెలను మించును. బరువు విషయమున చాలమంది అనవసరముగా భయపడుదురు. రెండు చక్రములకు కలిపి 500 గ్రాములు పెరిగినచో, 84 కిలోల మొత్తములో అది నూటికి 0.6 వంతు. గంటసేపు కొండ ఎక్కువానికి ఇరువది సెకండ్లు ఆలస్యమగును. చక్రపు అంచునకు దగ్గరగా తిరుగు బరువు గనుక వేగము అందుకొనునపుడు దాదాపు రెట్టింపు బరువుగా పనిచేయును. అయినను అది ఓర్వరానిది కాదు.

అసలు కష్టము బరువు కాదు, చేతిపని. లోపట్టీ ఉన్న టైరును రిమ్మునకు ఎక్కించుట, దించుట శ్రమతో కూడినది. టైరు అంచు రిమ్ము నడిమి పల్లములోనికి దిగినగాని రెండవ ప్రక్క పైకి రాదు. ఆ పల్లమునందే నురుగు కూర్చుండియుండును. ఇంటివద్ద నేర్పుతో చేయగలిగినవాడు కూడ, చలిలో, తడిచేతులతో, రోడ్డునకు పది మైళ్ల దూరమున చేయలేకపోవచ్చును. టైరు గోడ తెగి ట్యూబు వేయవలసివచ్చినచో, సీలెంటుతో తడిసిన పట్టీని బయటకు తీసి భుజమున వేసికొని పోవలెను. బలము తక్కువైన పిల్లలకును, ఒంటరిగా తిరుగువారికిని ఇది చిన్న మాట కాదు. సీలెంటు కొంత నురుగునకు అంటుకొనును గనుక మామూలుకంటె ఎక్కువ పోయవలెను. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి, లోపట్టీ ముల్లును ఆపదు. ముల్లు గ్రుచ్చుకొనునది టైరు పైభాగమున. పట్టీ ఉండునది రిమ్ము ప్రక్కన. ముళ్లదారులలో తిరుగువానికి సీలెంటే రక్ష, పట్టీ కాదు.

మరి సామాన్యుడు ఎట్లు నిర్ణయించుకొనవలెను? మా సలహా ఇది: దుకాణమునకు పోకముందు తన చక్రమును తానే అడుగవలెను. వెనుక రిమ్ము అంచున వ్రేలు పెట్టి చుట్టును తడిమి చూడవలెను. సొట్టలున్నవా? గడచిన ఆరునెలలలో టైరు గోడ ఎన్నిసార్లు తెగినది? రాయి రిమ్మునకు కొట్టిన ఠంగుమను చప్పుడు ప్రతి తిరుగుడులోను వినబడుచున్నదా? ఏమియు లేదన్నచో లేని రోగమునకు మందు కొననక్కఱలేదు.

ఉన్నదన్నచో అప్పుడు కూడ వరుస తప్పరాదు. మొదటి మెట్టు గాలి కొలచు మీటరు. వ్రేలితో నొక్కిచూచి గాలి చాలుననుకొనువారు ఎందఱో కలరు. ఈ సైకిళ్లలో రెండు మూడు పౌండ్ల తేడాయే సొట్టకును క్షేమమునకును నడుమ ఉన్న తేడా. వెనుక చక్రమున రెండు పౌండ్లు పెంచి నెలరోజులు చూడవలెను. రెండవ మెట్టు టైరు. పలుచని గోడ గల తేలిక టైరునకు బదులు మందపు గోడ గలది వేసినచో పెక్కుమంది బాధ అక్కడనే తీరును; పాత టైరు అరిగినపుడు ఎటులను క్రొత్తది కొనవలసినదే గదా. గోటితో పోవుదానికి గొడ్డలి ఏల? ఈ రెండు మెట్లును ఎక్కి, అప్పటికిని రిమ్ములు సొట్టలు పడుచున్నవన్నచో లోపట్టీ నిజముగా అక్కఱకు వచ్చును. అప్పుడైనను ముందుగా వెనుక చక్రమునకు మాత్రమే వేసి చూచుట మేలు. బరువును, రాతిదెబ్బలును ఎక్కువగా పడునది వెనుకనే.

కొందఱి విషయమున ఈ మూడవ మెట్టు త్వరగా వచ్చును. ఒడలి బరువు ఎక్కువ గలవారు. వెనుక స్ప్రింగు లేని సైకిలుతో రాతినేలపై తిరుగువారు. కెనడాలోని విస్లరువంటి చోట్ల లిఫ్టుపై కొండ ఎక్కి దినమంతయు దిగుచుండువారు. ఖరీదైన కార్బను రిమ్ములు గలవారు. వీరికి ఒక రిమ్ము దక్కినచో పట్టీ వెల తిరిగివచ్చినట్లే. మెత్తని మట్టిదారిలోను, అడవి బాటలోను హాయిగా తిరుగువానికి మాత్రము అది పెట్టెలో దాచిన గొడుగువంటిది.

పట్టీ వేసినవారికి ఒక హెచ్చరిక. నురుగు కాపాడుననెడి ధైర్యమున గాలిని మరల మరల తగ్గించువారున్నారు. ఒక హద్దు దాటినచో నురుగు కూడ పూర్తిగా అణగి, రిమ్ము దెబ్బ తినును. మలుపులో టైరు మెలితిరిగి రౌతు పడుటయు జరుగవచ్చును. ఆ దెబ్బ చక్రముతో పోదు, మనిషికి తగులును.

మన ఇండ్లనుండి చదువునకో ఉద్యోగమునకో ఆ దేశములకు పోయిన పిల్లలలో ఎవరైన ఈ క్రీడ నలవరచుకొన్నచో, మొదటి జీతముతో ఏది కొనవలెనని వారు ఉత్తరము వ్రాసినచో, పెద్దలు నిస్సంశయముగా చెప్పదగిన మాట ఒకటి కలదు. ముందు తలకు మంచి హెల్మెటు, తరువాత గాలి కొలచు మీటరు, ఆ తరువాత గట్టి టైరు. లోపట్టీ సంగతి వారి రిమ్ముమీది సొట్టలు చెప్పును.