ఒత్తులు నేర్వాలి... ఒత్తిడి వద్దు!

‘మాకే చదువు రాదు, పిల్లలకేం చెబుతాం?’... బడి సంగతి ఎత్తితే పల్లెల్లో చాలామంది తల్లులు అనే మాట ఇది. చదువుకున్న ఇళ్లలో బెంగ మరోలా ఉంటుంది. రెండో తరగతికే ట్యూషన్ పెట్టించాలా? బడి నుంచి రాగానే పుస్తకాల ముందు కూర్చోబెట్టాలా? రెండు బెంగలకూ సమాధానం ఒక్కటే. ఈ వయసు పిల్లలకు ఇంట్లో కావాల్సింది ఇంకో టీచరు కాదు... వాళ్లు చదువుతుంటే వినే మనిషి!

విజయనగరం నుంచి చీపురుపల్లి వెళ్లే రైలు దారిలో ఉంటుంది గరివిడి. చుట్టుపక్కల మాంగనీసు గనులు, 1950ల్లో వచ్చిన ఫెర్రో అల్లాయిస్ కర్మాగారం ఈ ఊరికి పేరు తెచ్చాయి. గనుల్లో, ఫ్యాక్టరీలో, పొలాల్లో ఒళ్లొంచి పనిచేసినవాళ్లు ‘మా పిల్లలైనా చదువుకోవాలి’ అనుకోవడం సహజం. అయితే ఆ చదువుకు గట్టి పునాది పడాల్సింది పదో తరగతిలో కాదు, ఏడేళ్ల వయసులో.

ఎందుకంటే, ఒకటో తరగతిలో పిల్లలు చదవడం నేర్చుకుంటారు. మూడో తరగతికి వచ్చేసరికి చదివి నేర్చుకోవాలి. ఈ రెంటికీ మధ్య వంతెన రెండో తరగతి. ఇక్కడ తడబడితే తెలుగు ఒక్కటే కాదు, లెక్కల్లోని ప్రశ్న కూడా అర్థం కాదు. దేశవ్యాప్తంగా గ్రామీణ పిల్లల చదువుపై జరిగే ‘అసర్’ సర్వే 2024లో తేల్చిందేమిటో తెలుసా? ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదువుతున్నవారిలో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగింది 23.4 శాతం మందే. అంటే నలుగురిలో ఒక్కరైనా లేరు! 2022లో అది 16.3 శాతమే. పరిస్థితి కొంత మెరుగుపడినా, వెళ్లాల్సిన దూరం చాలా ఉంది.

ఏం రావాలి?

కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో ‘నిపుణ్ భారత్’ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. దాని ప్రకారం రెండో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు నిమిషానికి 45 నుంచి 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి. 999 వరకూ అంకెలు చదవడం, రాయడం రావాలి. 99 లోపు తీసివేతలు చేయగలగాలి. ఇక్కడ ముఖ్యమైన మాట ‘అర్థం చేసుకుంటూ’. గడియారం పట్టుకుని పందెం పెట్టమని కాదు. మరీ కూడబలుక్కుంటూ చదివితే వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతారు, అందుకే ఆ వేగం.

ఊరి పేరే పాఠం

తెలుగులో గుణింతాలు దాటి ఒత్తుల్లోకి వెళ్లే వయసు ఇది. ద్విత్వాక్షరాలు, సంయుక్తాక్షరాలు అనగానే పిల్లలు బెదిరిపోతారు. వాటికి వేరే పుస్తకాలు కొననక్కర్లేదు. గరివిడి స్టేషన్ బోర్డు చూపించండి. ‘గ’ పక్కన ‘రి’, ‘వి’, ‘డి’... మూడు అక్షరాలకూ గుడి ఉంది! ఒక్క ఊరి పేరుతో గుడి గుర్తు వచ్చేసినట్టే. పక్కనే చీపురుపల్లి. అందులో గుడిదీర్ఘం, రెండు కొమ్ములు, చివర ‘ల’కు ‘ల’ ఒత్తు. అదే ద్విత్వం. విజయనగరం వైపు వెళ్తే నెల్లిమర్ల వస్తుంది. అందులో ‘ల్లి’ ద్విత్వం, ‘ర్ల’ సంయుక్తం. రెండూ ఒకే పేరులో దొరుకుతాయి. శ్రీకాకుళంలో ‘శ’ కింద రవత్తు. బస్సు బోర్డు, కిరాణా కొట్టు పేరు, సబ్బు కాగితం, పెళ్లి శుభలేఖ... ఏదైనా వాచకమే.

చదివేటప్పుడు పొరపాటు పడితే వెంటనే అందుకోకండి. కాసేపు ఆగితే చాలాసార్లు వాళ్లే సరిదిద్దుకుంటారు. అయిపోయాక ‘కథలో ఏం జరిగింది?’ అని అడగండి. తన మాటల్లో చెప్పగలిగితే అర్థమైనట్టు. దీనికి అమ్మకు అక్షరాలు వచ్చి ఉండాల్సిన పనే లేదు.

‘ఏటి’ అంటే తప్పా?

ఇంట్లో ‘ఏటి’, పుస్తకంలో ‘ఏమిటి’. ఇంట్లో ‘గుంటడు’, పుస్తకంలో ‘అబ్బాయి’. ఇంట్లో ‘ఒగ్గేయ్’, పుస్తకంలో ‘వదిలేయ్’. ఉత్తరాంధ్ర పిల్లలు ఇంటి మాటతోనే బడికి వస్తారు. దాన్ని వెక్కిరిస్తే నోరు విప్పడమే మానేస్తారు. ‘మనం ఇలా అంటాం, పుస్తకంలో అలా రాశారు’ అని చెబితే చాలు. రెండూ నేర్చుకుంటారు.

ఇంటి మాటకు బడిలో చోటుండాలని వందేళ్ల కిందటే పట్టుబట్టినవారు ఈ ప్రాంతంవారే. శ్రీకాకుళం జిల్లాలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి సవర పిల్లల కోసం తానే సవర భాష నేర్చుకుని, అందులో వాచకాలు తయారుచేశారు. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం.

ఆంధ్రప్రదేశ్ బడుల్లోకి 2020-21 నుంచి తెలుగు, ఇంగ్లిష్ పక్కపక్కనే ఉండే పుస్తకాలు వచ్చాయి. ఇంగ్లిష్ పాఠం అర్థం కాకపోతే ముందు తెలుగు పేజీ చదివించి, కబుర్లాడించి, తర్వాత రెండోవైపు చూపించడం తేలిక. విషయం తెలిశాక కొత్త భాషలో పదాలు పట్టుబడతాయి.

చిల్లరతో తీసివేత

43 లోంచి 18 తీసేయమంటే చాలామంది పిల్లలు 35 అని రాస్తారు. అది అశ్రద్ధ కాదు. 3 లోంచి 8 పోదు కాబట్టి, 8 లోంచి 3 తీసేశారన్నమాట. తిట్టే బదులు నాలుగు పది రూపాయల నోట్లు, మూడు రూపాయి బిళ్లలు చేతికివ్వండి. ‘పద్దెనిమిది రూపాయలివ్వు’ అనండి. బిళ్లలు చాలవు. ఒక నోటు మార్చాలి. అప్పుడు మూడు నోట్లు, పదమూడు బిళ్లలు. ఎనిమిది బిళ్లలు, ఒక నోటు ఇచ్చేస్తే మిగిలేది 25. పుస్తకంలోని ‘అప్పు తెచ్చుకోవడం’ ఇదే! కూరగాయలు కొనేటప్పుడు, వేరుసెనగ కాయలు పదేసి కుప్పలు పెట్టేటప్పుడు ఈ లెక్కే చేయించొచ్చు.

హోంవర్క్ లేదంటే...

2020లో కేంద్రం తెచ్చిన బడి సంచి విధానం రెండో తరగతి వరకూ హోంవర్క్ ఇవ్వొద్దని చెప్పింది. ఒకటి, రెండు తరగతుల సంచి బరువు 1.6 నుంచి 2.2 కిలోలు దాటకూడదంది. రాత పనికి బదులు సాయంత్రం ఏం ఆడారు, ఏం తిన్నారు, ఇంట్లో ఎలా గడిచింది అన్నవి తరగతిలో పిల్లల చేత చెప్పించమంది. కాబట్టి చెప్పుకోవడానికి కబుర్లుండేలా చూడటమే ఇంటివాళ్ల వంతు. రోజూ ఓ పదిహేను నిమిషాలు చదివించి వినండి. మిగతాది ఆటకూ, నిద్రకూ వదిలేయండి. షిఫ్టు డ్యూటీల వల్ల నాన్నకు కుదరకపోతే తాతయ్యో నాయనమ్మో వినొచ్చు.

టీచర్నేం అడగాలి?

రాష్ట్రమంతటా ఒకేరోజు తల్లిదండ్రులు, టీచర్ల సమావేశాలు 2024 డిసెంబరు 7న, 2025 జులై 10న జరిగాయి. అలాంటి రోజున ‘మావాడెలా చదువుతున్నాడు?’ అని ఊరుకుంటే ‘బాగానే’ అన్న జవాబే వస్తుంది. మూడు ప్రశ్నలు అడగండి. కొత్త పాఠం ఇస్తే తనంతట తాను చదువుతున్నాడా? ఏ ఒత్తుల దగ్గర, ఏ లెక్క దగ్గర ఆగుతున్నాడు? ఈ నెల ఇంట్లో మేం ఏ ఒక్క పని చేస్తే మేలు? పుస్తకాన్ని ముఖానికి మరీ దగ్గర పెట్టుకున్నా, పిలిస్తే పలకకపోయినా ఆ సంగతీ చెప్పండి. కళ్లు, చెవులు పరీక్ష చేయిస్తే ‘మొద్దు’ అనుకున్న పిల్లాడి ఇబ్బంది ఏమిటో బయటపడొచ్చు.

ఇంకో మాట. పక్కింటి పాప ముందుందని మీ పాపను పోల్చకండి. పోయిన నెల తాను ఎక్కడుందో, ఇప్పుడెక్కడుందో చూడండి. నిన్న ‘నెల్లిమర్ల’ దగ్గర ఆగిన పిల్ల ఇవాళ ఆగకుండా చదివితే... మార్కుల కార్డు చూడనక్కర్లేదు!