బెంగుళూరు వెళ్దామా? - ఒక నీటి లెక్క

మా కళాశాలలో బి.యస్సీ. ఆఖరి సంవత్సరం వాళ్ళని "తర్వాతేమిటి?" అని అడిగి చూడండి. చాలామంది తడుముకోకుండా బెంగుళూరు అంటారు. నేనూ అంటాను. మాది మదనపల్లె పక్క పల్లె. మా తోటలో టమాటాలు నాకంటే ముందే ఆ వూరు చూశాయి!

ఆ మోజు నిన్న మొన్నటిది కాదు. 1909లో సైన్సు ఇన్‌స్టిట్యూటు, 1940లో విమానాల ఫ్యాక్టరీ, 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అక్కడికి వచ్చాయి. 1981లో యాపిల్ ఉపగ్రహాన్ని ఎద్దులబండి మీదికెక్కించిన ఫోటో మీరూ చూసే వుంటారు. బీదరికం అనుకునేరు, లోహం అంతగా లేని బండి అయితే యాంటెన్నా పరీక్షకు అడ్డురాదని అలా చేశారు.

జీతాల సంగతి అందరికీ తెలిసిందే. నన్ను లాగేది వేరు. మా పెదనాన్నగారి అబ్బాయిని, అంటే మా అన్నని, పోయినేడు ఒక కంపెనీ తీసేసింది. నెల తిరక్కుండా అదే రింగురోడ్డులో మరోచోట చేరాడు. ఇల్లు కూడా మారలేదు. పైగా ఆ చల్లదనం! సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తు కదా. పదినెలల అద్దె అడ్వాన్సు అడిగే ఆచారాన్నీ, ట్రాఫిక్కునీ తిట్టుకుంటూనే జనం అక్కడే వుండిపోతున్నారు.

రైతుబిడ్డని కాబట్టి నాకు భయమల్లా నీళ్ళే. చల్లదనం ఇచ్చిన ఆ ఎత్తే నీళ్ళ దగ్గర శత్రువు. వూళ్ళో చెప్పుకోదగ్గ నది లేదు. కావేరిని సుమారు 100 కిలోమీటర్లు నడిపించి, దాదాపు 500 మీటర్లు పైకెక్కించాలి. మన ఫిజిక్సు లెక్కే వేయండి: వెయ్యి లీటర్లు అంత ఎత్తు ఎక్కాలంటే 49 లక్షల జౌల్స్, అంటే 1.36 యూనిట్లు. పంపుల్లో, పైపుల్లో పోయేది కలిపితే రెండు యూనిట్ల దగ్గరికొస్తుంది. మా 5 హెచ్.పి. మోటారు అరగంట తిరిగితే అయ్యే కరెంటు అది. నలుగురున్న యింటికి ఆ వెయ్యి లీటర్లు రెండు రోజులు వస్తాయేమో.

కావేరి అందని పేటలకు బోర్లే గతి. 2024 వేసవిలో, ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారమే, సుమారు 14 వేల సర్కారు బోర్లలో 6,900 ఎండిపోయాయి. ట్యాంకరు ధరకు అధికారులు హద్దు పెట్టాల్సి వచ్చింది. ఆ అక్టోబరులో కావేరి అయిదో దశ ప్రారంభించి, రోజుకు మరో 77.5 కోట్ల లీటర్లు తెచ్చే ఏర్పాటు చేశారు. మంచిదే. మరి వాడిన నీళ్ళు ఎటు పోతాయి? కొంత శుద్ధిచేసి 2018 నుంచి కోలారు చెరువులకు పంపుతున్నారు. బోర్లలో నీరు పైకొచ్చిందని సంతోషించే రైతులున్నారు. రెండు దశల శుద్ధి చాలదు, మూడోదీ కావాలని పోరాడేవాళ్ళూ అక్కడివాళ్ళే. ఆ ప్రాంతంలో తెలుగు మాట్లాడేవాళ్ళు తక్కువేం కాదు. నా ఓటు మూడో దశకే. ఆ నేలలో పండిన టమాటా మళ్ళీ బెంగుళూరు వంటింటికే చేరుతుంది కదా!

ఇంతా చెప్పి, నేను వెళ్ళడం మాత్రం ఖాయం. పరీక్షలు కాగానే గది వెతకాలి. అద్దె తర్వాత; ముందు ఆ వీధికి కావేరి కుళాయి వుందా, బోరా, ట్యాంకరా అని అడుగుతాను. మా అన్నకి ఈ మాట రాస్తే నవ్వాడు. ఆయన వుండే అపార్టుమెంటుకి రోజూ వచ్చేది ట్యాంకరే.