తొలి బొంతకు గళ్ళే మేలు

మన బొంతను నాందేడులో ఇరుగుపొరుగు మరాఠీ ఇల్లాండ్రు గోధడి అంటారు. పేరేదైనా, అమ్మ కట్టి విడిచిన నూలు చీరకు అదే రెండవ జన్మ.

కొత్తగా సూది పట్టిన అమ్మాయి నక్షత్రాల బొంతే కావాలంటుంది. దానికి బట్టను ఏటవాలుగా కోయవలెను. ఆ అంచు సాగి ముక్కలు కలియవు. విసిగి బొంతను పెట్టెలో పడవేస్తుంది. కోసిన చీర తిరిగి రాదు.

అందుచేత మొదట గళ్ళ బొంతే కుట్టించండి. 6½ అంగుళాల చదరపు ముక్కలు ముదురువి 15, లేతవి 15 చాలును. అన్ని వైపులా పావు అంగుళము కుట్టులోకి విడిచి, ముదురు పక్కన లేతగా, వరుసకు 5 చొప్పున 6 వరుసలు కలపవలెను. అడుగున పాత చీర మడతలు పరచి, పొడుగు కుట్లతో నిలిపి, పిమ్మట చిన్న కుట్లు వేయవలెను. అంచులు మడిచి కుట్టగా 30 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవుతో పసిబిడ్డ బొంత సిద్ధము.

కుట్టు కాస్త వంకరపోయినా ఫరవాలేదు. అమ్మమ్మ చీర మనుమడిని కప్పుతుంది.