మసాలా డబ్బాలో మిశ్రమాలు

అత్తిలి నుంచి కొల్లేరు దాకా చేపల పులుసులో వేసే పొడిలో ధనియాలు, జీలకర్ర, మెంతులు ఉంటాయి. ఎంత మెత్తగా దంచినా అవి కలిసి కొత్త పదార్థం కావు. చిటికెడు పొడిని తెల్లకాగితం మీద పరిచి భూతద్దంతో చూస్తే వేర్వేరు రంగుల రేణువులు కనబడతాయి. ధనియాలు గుప్పెడు ఎక్కువైనా అది మసాలాయే. శుద్ధ పదార్థానికి పాళ్లు మారవు.

మరి ఒక్క దినుసే ఉన్న పసుపు?

అదీ మిశ్రమమే. పిండిపదార్థం, పీచు, నూనెలు, తేమ పోగా రంగునిచ్చే కర్‌క్యుమిన్ నూటికి కొన్ని పాళ్లే. సున్నం కలిపితే పసుపు పారాణిగా ఎర్రబడేది దానివల్లే. వంటింట్లో శుద్ధ పదార్థానికి బాగా దగ్గరైంది పంచదార: దాదాపు అంతా సుక్రోజే.

పాళ్లు స్థిరంగా లేని పొడుల్లో కల్తీ తేలిగ్గా కలిసిపోతుంది. గ్లాసు నీళ్లలో కారం చల్లి చూడండి. ఇటుక పొడి కలిపి ఉంటే త్వరగా అడుగుకు దిగుతుంది.